ఇంటిపేరు కస్తూరివారైతే చాలా?



పెళ్ళిసంబంధం మాట రాగానే మనం మొట్టమొదట అడిగేది ఇంటిపేరే కదండీ! "ఫలానావారా? అయితే పెద్ద ప్లీడర్ల కుటుంబమే" అనుకున్నామంటే సగం మాటలు అయిపోయినట్టే. తాత జడ్జీ, తండ్రి మంత్రి, కనుక మనవడూ అంతటివాడే అయివుంటాడని మన ధీమా. మళ్ళీ అదే నోటితో "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన" అని సామెతా చెప్పుకుంటాం. ఈ రెంటిలో ఏది నమ్మాలి? వరసగా అయిదు తరాలపాటు ప్లీడర్లనూ, జడ్జీలనూ, రాజకీయ నాయకులనూ ఇచ్చిన ఒక అమెరికా కుటుంబం కథ చెబుతాను. ఆలకించి మీరే తేల్చండి.

ఆ ఇంటిపేరు టాఫ్ట్. ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి వాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో ప్లీడరీ పెట్టి కుటుంబాన్ని పైకి తెచ్చినవారు అల్ఫాన్సో టాఫ్ట్ గారు. ఆయన జడ్జీగా ఉన్న రోజుల్లో, 1869లో, అక్కడి స్కూలు బోర్డు బడుల్లో బైబిలు చదివించటం మానెయ్యాలని తీర్మానించింది. కొందరు కోర్టుకెక్కారు. 1870లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు బోర్డుకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. అల్ఫాన్సో గారొక్కరే బోర్డు పక్షాన నిలిచారు. అన్ని మతాలవాళ్ళ పన్నులతో నడిచే బడి ఏ ఒక్క మతానికీ కొమ్ముకాయకూడదని ఆయన వాదం. తరవాత ఒహైయో సుప్రీంకోర్టు ఆయన పక్షమే సబబంది. కాని నలుగురికీ నచ్చని మాట అన్నందుకు మూల్యం చెల్లించక తప్పలేదు. 1875లో గవర్నరు పదవికి పార్టీ టిక్కెట్టు చేజారిపోయింది. అందుకు ఆ తీర్పే కారణమంటారు. ఆ టిక్కెట్టు హేస్ గారికి దక్కింది. ఆయన గవర్నరై, 1877కల్లా అమెరికా అధ్యక్షుడే అయ్యారు.

విచిత్రం చూడండి. ఆ హేస్ గారితో కలిసి ఒకప్పుడు ప్లీడరీ చేసిన హెరన్ గారికి హెలెన్ అని ఓ కూతురు. ముద్దుగా నెల్లీ అనేవారు. పదహారేళ్ళప్పుడు ఆ పిల్ల హేస్ దంపతులకు చుట్టపుచూపుగా వైట్‌హౌస్‌కి వెళ్ళింది. ఎప్పటికైనా ఈ ఇంటికి ఇల్లాలిగా రావాలన్న కోరిక అప్పుడే మనసులో నాటుకుంది. 1886లో ఆవిడ పెళ్ళాడింది ఎవరిననుకున్నారు? అల్ఫాన్సో గారబ్బాయి విలియం హోవర్డ్ టాఫ్ట్‌నే!

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆయనకేమో సుప్రీంకోర్టు జడ్జీ కావాలని. ఆవిడకేమో ఆయన్ని ప్రెసిడెంటుగా చూడాలని. రూజ్వెల్టు గారు సుప్రీంకోర్టు పదవి ఇస్తామని పిలిచినా ఒకటికి రెండుసార్లు ఆయన వద్దన్నారు. చేతిలో ఉన్న బాధ్యతలు ఒక కారణమైతే, ఇల్లాలి పట్టుదల మరో కారణం. చివరికి ఆవిడ కోరికే నెగ్గింది. 1909 మార్చిలో ఆయన అధ్యక్షుడయ్యారు. మూడు నెలలైనా తిరక్కుండా నెల్లీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది! దేశాన్నేలే ఆ పెద్దమనిషి పక్కన కూచుని, పసిపిల్లకు నేర్పినట్టు ఒక్కో మాటా మళ్ళీ పలికించారట. కాలేజీలో చదువుకుంటున్న కూతురు, ఆ అమ్మాయి పేరూ హెలెనే, చదువు ఆపుకుని వచ్చి అతిథుల మర్యాదలు చూసింది. నెల్లీ నెమ్మదిగా కోలుకుంది. 1912లో జపాను పంపిన చెర్రీ మొక్కల్లో మొదటిది వాషింగ్టన్‌లో ఆవిడే నాటింది. అదే ఏడాది ఎన్నికల్లో భర్త ఓడిపోయారు. గెలిచినవి రెండే రాష్ట్రాలు.

మరి ఆయన కోరిక? అది 1921లో తీరింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అమెరికాలో ఆ రెండు పదవులూ చేసినవారు ఆయనొక్కరే. కోరుకున్న కుర్చీ దొరకటానికి అరవై మూడేళ్ళు వచ్చాయి.

నెల్లీని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అమెరికాలో దేశమంతటా ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1920లో. తెలివీ చురుకూ ఉన్న మనిషి, తనకంటూ దారి లేనప్పుడు, తన ఆశ మొగుడి భుజానికెత్తక ఏం చేస్తుంది? కూతురు హెలెన్ అలా కాదు. తిరిగి కాలేజీకి వెళ్ళి చదువు పూర్తిచేసింది. ఆడవాళ్ళ ఓటు కోసం మాట్లాడింది. డాక్టరేటు తీసుకుని, చరిత్ర ప్రొఫెసరుగా, కాలేజీ డీనుగా పేరు తెచ్చుకుంది.

నెల్లీ పెద్దకొడుకు రాబర్ట్ కూడా లా చదివి సెనేటరయ్యారు. 1946లో నాజీ నాయకులకు న్యూరెంబర్గ్‌లో శిక్షలు పడ్డప్పుడు లోకమంతా భేష్ అంది. నేరం చేసిన నాటికి లేని చట్టం కింద శిక్షించటం న్యాయం కాదని ఆయన బాహాటంగా అన్నారు. నాజీలను వెనకేసుకొస్తున్నారని అందరూ దుమ్మెత్తిపోశారు. ఆయన మాట ఒప్పా తప్పా అని పండితులు వాదించుకోవచ్చు. ఓట్లు పోతాయని తెలిసీ అన్నారు, అదీ గొప్ప. తాత గుణం మనవడి దగ్గర కనిపించిందన్నమాట. ప్రెసిడెంటు పదవి మాత్రం మూడుసార్లు ప్రయత్నించినా అందలేదు.

రాబర్ట్ గారి కొడుకూ సెనేటరయ్యారు. మనవడు బాబ్ టాఫ్ట్ 1999లో ఒహైయో గవర్నరయ్యారు. ముత్తాత తండ్రికి అందని కుర్చీ అది! కాని 2005లో ఆయన కోర్టు బోను ఎక్కాల్సొచ్చింది. ఇతరుల ఖర్చుతో ఆడిన గోల్ఫ్ ఆటలవంటి కానుకలను చట్టప్రకారం లెక్కల్లో చూపలేదని అభియోగం. ఆయన ఎదురు వాదించలేదు. నాలుగువేల డాలర్ల జరిమానా కట్టి, ప్రజలకు క్షమాపణ చెప్పుకున్నారు. పదవిలో ఉండగా నేరం రుజువైన ఒహైయో గవర్నరు అంతకుముందు లేరు.

చూశారా? ఒకే ఇంటిపేరు. ఒకరు నమ్మిన మాటకోసం గవర్నరు పదవి పోగొట్టుకున్నారు. ఇంకొకరు ఆ పదవిలో కూచుని చిన్న కానుకల దగ్గర తడబడ్డారు. ఇంటిపేరు గుమ్మందాకా తీసుకెళుతుంది. లోపలికి వెళ్ళాక ఎలా మెలగాలో ఎవరికి వారే నేర్చుకోవాలి.

"మావాణ్ణి వాళ్ళ తాతంతటివాణ్ణి చేస్తాను" అని నేనూ అన్నదాన్నే. ఇప్పుడు అనబుద్ధి కావటం లేదు. తాత పదవుల చిట్టా మనం చెప్పకపోయినా పిల్లలకు తెలుస్తుంది. నష్టమొస్తుందని తెలిసీ ఆయన నిజం చెప్పిన రోజు ఏదైనా ఉంటే, అది మాత్రం అన్నం కలిపి పెట్టేటప్పుడు మనమే చెప్పాలి. ఈసారి సంబంధం మాట వచ్చినప్పుడు కూడా ఇంటిపేరుతోపాటు ఆ కథ ఒకటి అడిగి చూడండి.