మోకాలి దెబ్బ తరువాత యోగాభ్యాసం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద పొదుగువాపు గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. గేదె కుంటితే ఆ పూటే పశువైద్యుడికి కబురు పంపుతాం. పాలు పితికే మనిషి కుంటితే మాత్రం ‘అదే తగ్గుతుందిలే’ అంటాం. మా ఇంట్లో మేమూ అదే అన్నాం. అలా అని ఏం పోగొట్టుకున్నామో, తరువాత ఏం నేర్చుకున్నామో చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

రెండేళ్ళ క్రిందట వానాకాలంలో మా ఇంటావిడ గేదెకు కట్టు మారుస్తుండగా అది అదిలిపడి పక్కకు లాగింది. పాదం బురదలో దిగబడి అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలు మెలిపడింది. రెండు రోజులు ఆకు పసరు పూసి రుద్దాం. వాపు ఎక్కువయింది గాని తగ్గలేదు. అప్పుడు ఎముకల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాం. ఎముక విరగలేదనీ, మోకాలి లోపలి పక్కనున్న కట్టు సాగిందనీ ఆయన చెప్పారు.

మోకాలంటే తొడ ఎముక, కాలి ఎముక కలిసే కీలు. ముందు చిప్ప కాపలా ఉంటుంది. ఎముకల మధ్య రెండు మెత్తలుంటాయి. కీలు అటూ ఇటూ జారకుండా పట్టీల వంటి కట్లుంటాయి. వీటినే లిగమెంట్లు అంటారు. మోకాలు ముడవటానికీ చాపటానికీ బాగా పనికివస్తుంది, మెలితిప్పటానికి పనికిరాదు. పాదం నాటుకొని ఒళ్ళు తిరిగినప్పుడు ఆ బరువంతా ఈ కట్ల మీద, మెత్తల మీద పడుతుంది.

మూడు వారాలకు వాపు తీసింది. నడుస్తున్నది కదా అని మేము తొందరపడ్డాం. గొంతుకు కూర్చొని పాలు పితకనిచ్చాం. పైగా యోగా మంచిదని ఎవరో చెబితే డాక్టరు గారిని అడగకుండానే రోజూ వజ్రాసనం వేయించాం. నాలుగో రోజుకు మోకాలు మళ్ళీ పొంగింది. ఇంకొక నెలన్నర మంచం పట్టింది. ఇంట్లో మరెవరి చేతికీ గేదె సరిగా చేపలేదు. కేంద్రంలో పోసే పాలు సగానికి పడిపోయాయి. ఒక దశలో గేదెను అమ్మేద్దామని బేరం కూడా పెట్టాం. తప్పు గేదెదీ కాదు, యోగాదీ కాదు. తొందర మాది.

అందుచేత మొదటి మాట: ముందు వైద్యుడు, తరువాతనే ఆసనం. దెబ్బ తగిలాక కాలు మోపి నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు సగం మడవలేకపోయినా, రెండు మూడు గంటలలోనే బాగా వాచినా, మడిచిన కాలు చాపరాకుండా బిగుసుకుపోయినా, నడుస్తుంటే కీలు జారినట్లనిపించినా ఆలస్యం చేయరాదు. మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసుముక్క పావుగంట చొప్పున పెట్టవచ్చు. గట్టిగా రుద్దటం, రక్తం ఆడకుండా బిగించి కట్టటం పనికిరాదు.

రెండవ మాట: యోగా ఏం చేస్తుంది, ఏం చేయలేదు? పూర్తిగా తెగిన కట్టును ఏ ఆసనమూ అతికించలేదు. కాని దెబ్బ తిన్న మోకాలికి ఇంకొక నష్టం జరుగుతుంది. వాపు వల్ల, కదలిక లేకపోవటం వల్ల తొడ ముందు కండ త్వరగా సన్నబడుతుంది. ఆ కండే మోకాలికి గుంజ వంటిది. దానికి తిరిగి బలం తేవటం, కీలు మెల్లగా ముడిచి చాపటం, ఒంటికాలి మీద నిలకడ నేర్పటం – ఈ మూడింటికీ యోగాభ్యాసం తోడ్పడుతుంది.

ఆసనం స్థిరంగానూ, సుఖంగానూ ఉండాలని పతంజలి మహర్షి చెప్పాడు. పూనాలో యోగా నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగార్ గారు (1918–2014) పట్టీలు, దిమ్మెలు, కుర్చీలు ఆసరాగా పెట్టి ఆసనాలు వేయించేవారు. కాబట్టి ఆసరా పట్టుకోవటం నామోషీ కాదు. మనకు గోడ, పీట, కండువా చాలు.

డాక్టరు గారు సరేనన్నాక, ఫిజియోథెరపీ చేసేవారు చూపించిన వరుసలో మేము చేయించినది ఇది.

మొదటి మెట్టు దండాసనం. గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చోవాలి. మోకాలి క్రింద మడత పెట్టిన కండువా ఉంచి, తొడ కండ బిగించి దాన్ని క్రిందికి అదమాలి. అయిదు అంకెలు లెక్కించి వదలాలి. ఇలా 10 సార్లు. ఊపిరి బిగబట్టకూడదు. పాదాలను ముందుకూ వెనుకకూ ఆడించాలి.

రెండవ మెట్టు ఒంటికాలి ఉత్తానపాదాసనం. వెల్లకిలా పడుకొని, మంచి కాలు మడిచి, దెబ్బ తిన్న కాలిని తిన్నగా మూరెడు ఎత్తు లేపి మెల్లగా దించాలి. మోకాళ్ళు నొప్పి లేకుండా ముడుచుకుంటున్నాక సేతుబంధాసనం: రెండు పాదాలూ నేల మీద ఆనించి నడుము ఎత్తటం.

మూడవ మెట్టు నిలబడి చేసేవి. గుంజ పట్టుకొని తాడాసనం. గోడకు ఆనుకొని కొద్దిగా మాత్రమే వంగే ఉత్కటాసనం. మోకాలు కాలివేళ్ళ వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. చివరకు గుంజ పట్టుకొని వృక్షాసనం. ఎత్తిన పాదాన్ని పిక్కకు ఆనించాలి గాని మోకాలికి ఆనించరాదు.

ఎప్పుడు ముందుకు పోవాలో మోకాలే చెబుతుంది. చేసిన మర్నాడు ఉదయానికి నొప్పి గాని వాపు గాని పెరిగితే ఒక మెట్టు వెనక్కి రావాలి. వజ్రాసనం, వీరాసనం, పద్మాసనం వైద్యుడు ఒప్పుకునేదాకా వద్దు. పద్మాసనంలో తుంటి తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. 2015 నుంచి జూన్ 21న యోగా దినం జరుపుకుంటున్నాం. ఆనాడు పదిమందితో కలిసి వేసే ఆసనాలన్నీ దెబ్బ తిన్న మోకాలికి సరిపడవు.

ఈ పద్ధతిలో మా ఇంటావిడ నాలుగు నెలలకు తిరిగి పాకలో అడుగు పెట్టింది. ఇప్పుడు గొంతుకు కూర్చోదు, ఎత్తు పీట మీద కూర్చొని పితుకుతుంది. పాకలో బురద లేకుండా రాళ్ళు పరిచాం. పలుపు చేతికి చుట్టుకోవటం మానేశాం.

చివరగా సభ్యులకు ఒక మనవి. పాలు పితకటానికి సెలవు లేదు. పాలు నిలిచిపోతే పొదుగుకే చేటు. అందుకే నొప్పి ఉన్నా మన ఆడవాళ్ళు బయటికి చెప్పరు. మనం అడగాలి. ప్రతి ఇంట్లో గేదెకు రెండో చేతిని ఇప్పుడే అలవాటు చేయండి. వారానికి రెండు పూటలు మగవాళ్ళం పితికితే మన చేతికీ చేపుతుంది. ఆ పని మేము దెబ్బ తగిలాక మొదలుపెట్టాం. మీరు ముందే మొదలుపెట్టండి.