అక్షరము వచ్చిన తరువాత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండినవి. ఒక గ్రామమున ఒక మంచిపనిని ఆరంభించుట అంత కష్టము కాదు; 25 ఏండ్లపాటు ప్రతి సాయంకాలము వచ్చి తలుపు తెరచుట కష్టము. ఆ భారమును మోసినవారికందరికిని ముందుగా నా అభినందనములు. వయోజనులకును వృద్ధులకును ఉచితముగా నడపు విద్యాతరగతులను గూర్చి నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఇది నాకు ప్రీతికరమైన విషయమే గాని, సుఖముగా మాటలాడదగిన విషయము మాత్రము కాదు. అది ఎందుచేతనో ముందు మనవి చేసెదను.

మన గ్రంథాలయపు వసారాలో నిరుటినుండి రాత్రివేళ ఒక తరగతి నడచుచున్నది. 15 మంది వాచకము ముగించిరి. వారిలో 11 మంది స్త్రీలు. అందరికంటె పెద్దామెకు 72 ఏండ్లు. ఇప్పుడు కొందరు మిత్రులు ఇట్లడుగుచున్నారు: "వారికి అక్షరములు వచ్చినవి; సంతకము చేయుచున్నారు. ఇక తరగతి యెందులకు? ఆ వసారాను మరియొక పనికి వాడుకొనరాదా?" ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. గ్రంథాలయపు ధనము స్వల్పము. ప్రతి రూపాయకును లెక్క చెప్పవలసియున్నది. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీ ముందుంచుటకే నేనీ వేదిక నెక్కితిని.

గ్రంథాలయమునకును వయోజన విద్యకును సంబంధమేమని కొందరు అనుకొనవచ్చును. ఆంధ్రదేశమున ఈ రెండును కవలపిల్లలవలె పెరిగినవి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు మొదటిసారి మహాసభగా సమావేశమైరి. దానికై పాటుపడినవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు చిన్ననాటినుండియు చూపు మందము. తరువాత అదియు పోయినది. పరులచేత చదివించుకొని, పరులచేత వ్రాయించి, అన్ని గ్రంథములను మనకిచ్చిన మహనీయుడాయన. కన్నులు సహకరింపనివానికి చదువు లేదను మాటను ఆయన జీవితమే ఖండించుచున్నది. పిమ్మట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు చాలకాలము అధ్యక్షులుగా నుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయములతోపాటు వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి. చదువరి పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే చదువరి కడకు పోవలెనన్నది వారి సిద్ధాంతము. మన వసారాలోని తరగతి ఆ సిద్ధాంతమునకు దూరపు బంధువు కాదు, సొంత మనుమరాలు.

ఇక రెండవ ఆక్షేపణ యొకటి కలదు. అది బయటివారికంటె చదువవలసినవారే ఎక్కువగా చెప్పుచుందురు: "మొక్కై వంగనిది మ్రానై వంగునా?" అని. సామెత మంచిదే. మ్రాను వంగదు, నిజమే. గాని మ్రాను చిగిర్చదా? ప్రతి వసంతమునను చిగిర్చునది ముదురు మ్రానే గదా! ఆఫ్రికాలోని కెన్యా దేశమున 2003లో ప్రాథమిక విద్యకు రుసుము తీసివేసిరి. ఆ మరుసటి యేడు కిమానీ మరుగే అను 84 ఏండ్ల వృద్ధుడు పిల్లలతోపాటు మొదటి తరగతిలో చేరెను. రుసుము లేకుండుట యనునది ఎంతటి తలుపు తెరచునో చూడుడు. కేరళ రాష్ట్రమున కార్త్యాయని అమ్మ అను వృద్ధురాలు 2018లో తన 96వ యేట అక్షరాస్యతా పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులతో ప్రథమురాలుగా నిలిచెను. ఫ్రాన్సు దేశపు తులూజ్ నగరమున 1973లో పదవీవిరమణ చేసినవారి కొరకే విశ్వవిద్యాలయ తరగతులు ఏర్పరచి, వానికి మూడవ వయస్సు విశ్వవిద్యాలయమని పేరు పెట్టిరి. 1982లో ఆ పద్ధతి ఇంగ్లండునకు వచ్చినది. అచ్చట పరీక్షలు లేవు, పట్టములు లేవు. సభ్యులలో తెలిసినవారే తెలియనివారికి చెప్పుదురు.

కావున వృద్ధులకు చదువు రాదనుట సరికాదు. వచ్చిన చదువు నిలుచునా యన్నదే అసలు ప్రశ్న. ఇచ్చటనే నా కథ చెప్పవలసియున్నది.

నా 22వ యేట, ఉద్యోగము రాకపూర్వము, నేనొక పల్లెలో రాత్రిబడి పెట్టితిని. చావడి అరుగు, ఒక పెట్రోమాక్సు దీపము, పదిపన్నెండు పలకలు; అదియే మా విద్యాలయము. వచ్చువారందరును పగలెల్ల నాట్లు, కలుపులు, కోతలతో అలసినవారు. వారిలో ఒక వృద్ధురాలు ఉండెను. నాలుగు నెలలకు తన పేరును తానే పలకపై వ్రాసి, ఆ పలకను ఒడిలో పెట్టుకొని ఇంటికి తీసికొనిపోయెను. ఆ రాత్రి దానిని చెరుపనీయలేదట. నాకు కలిగిన గర్వమునకు మేరలేదు. మరునెలలో నాకు దూరప్రాంతమున ఉపాధ్యాయ పదవి లభించినది. దీపమును చావడిలోనే అప్పగించి వెళ్లిపోయితిని.

ఆరేండ్ల తరువాత ఏదో పనిమీద ఆ ప్రాంతమునకు పోయి, తపాలా కచ్చేరిలో ఆమెను చూచితిని. సొమ్ము పుచ్చుకొనుటకై సిరా అద్దుకొని వేలిముద్ర వేయుచుండెను. "ఏమమ్మా, నీకు సంతకము వచ్చును గదా?" అంటిని. ఆమె నన్ను గుర్తించి నవ్వి ఇట్లనెను: "నేర్పావు బాబూ, కాదనను. నువ్వెళ్ళింతర్వాత చదువుకోడానికి ఊళ్ళో ఒక్క కాయితమన్నా ఉందా? వాడని కొడవలి తుప్పు పట్టదా మరి?"

ఆమె మాటలో నిష్ఠురము లేదు. ఉన్నచో నాకింత బాధ ఉండెడిది కాదు. తప్పు ఆమెది కాదు, నాది. నేను ఆమెకు అక్షరములిచ్చితిని గాని, చదువుటకేమియు ఇయ్యలేదు. నూయి త్రవ్వించి చేద తీసికొనిపోయినవాని వంటి పని చేసితిని.

నాటినుండి ఈ విషయమును గూర్చి ఆలోచించుచునే యున్నాను. మన దేశమున ప్రయత్నములకు కొదువ లేదు. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైనది. 1988 మే నెలలో జాతీయ అక్షరాస్యతా సంస్థ యేర్పడినది. 2009లో సాక్షర భారత్, 2022లో 15 ఏండ్లు దాటినవారి కొరకు నవభారత సాక్షరతా కార్యక్రమము వచ్చినవి. ఫలితము లేదనలేము. 1951 జనాభా లెక్కలలో దేశమున నూటికి 18 మందికే చదువు వచ్చును. 2011 నాటికి నూటికి 73 మందికి వచ్చినది. అయినను ఆ లెక్కలోనే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీలలో నూటికి సుమారు 59 మందికే చదువు వచ్చునని తేలినది. ఈ లెక్కలు వ్రాయువారు వచ్చిన నాటి స్థితిని చెప్పును. ఆ మీద కొడవలి తుప్పు పట్టినదో లేదో చెప్పవు. అది చూచుకొనవలసినది గ్రామము, గ్రామములో గ్రంథాలయము.

చదివిన పాఠము జీవితమునకు తాకినప్పుడు ఏమి జరుగునో కూడ మన తెలుగువారే లోకమునకు చూపిరి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినది. సారా వలన చెడిన కాపురముల కథను పాఠముగా చదివిన స్త్రీలు, అది తమ కథయే యని గుర్తించిరి. 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు తమ యూర సారా అమ్మకమును ఆపించిరి. ఆ నిప్పు ఊరూరికి అంటుకొనినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాను నిషేధించిరి. వారు చదివినది మహాకావ్యము కాదు, ఒక పాఠము. కాని అది తమ ఇంటి మాట. కలిసి చదివిన మాట.

ఇక మన వసారా సంగతికి వచ్చెదను. వాచకము ముగిసినదని తరగతిని మూయుట యనగా, నారు పోసి నాటు వేయకుండుట. తరగతి అసలు పని ఇప్పుడే ఆరంభమగుచున్నది. అది ఎట్లు నడువవలెనో నా అనుభవమును బట్టి కొన్ని సూచనలు చేసెదను.

మొదటిది కన్నుల సంగతి. నలువది దాటినవారికి వచ్చు చూపుమాంద్యమునకు మన పెద్దలు చత్వారమని పేరే పెట్టిరి. చిన్న అక్షరము కానరాక "నాకు చదువు రాదు" అనుకొని మానివేసిన వృద్ధులను నేనెందరినో ఎరుగుదును. వారికి లేనిది బుద్ధి కాదు, కండ్లజోడు. కాబట్టి వారి కన్నులకు పరీక్ష చేయింపవలెను. పెద్ద అక్షరముల పుస్తకములకు గ్రంథాలయమున ప్రత్యేకముగా ఒక అర ఉండవలెను. మోకాళ్ల నొప్పులవారికి క్రింద చాప కాదు, బల్ల కావలెను. మంచి దీపము కావలెను.

రెండవది పాఠము. వారికి ప్రతిదినము అక్కరకు వచ్చునదే పాఠము కావలెను. బస్సు ముందరి బోర్డు, బ్యాంకులో డబ్బు తీయు కాగితము, పింఛను పుస్తకము, కరెంటు బిల్లు. ఇవియే వారి రెండవ వాచకము. మందుల పెట్టెపై గడువు తేది ఇంగ్లీషు అంకెలలో నుండును గావున ఆ అంకెలను నేర్పవలెను. నేడు రేషను దుకాణమున చదివినవారును చదువనివారును యంత్రముపై వేలు పెట్టుచున్నారు. అందు సిగ్గు లేదు. కాని ఎంత ఇచ్చిరో, ఎంత మిగిలెనో చదువుకొనగలవారికే ఆ వేలి విలువ తెలియును. ఫోనునకు వచ్చు రహస్య సంఖ్యను ఎవరడిగినను చెప్పరాదన్న ఒక్క పాఠము వృద్ధుల సొమ్మును కాపాడగలదు.

మూడవది గౌరవము. ఉచితమనగా ధర్మము చేయుట కాదు. చదువ వచ్చినవారు మనకు ఋణపడినవారు కారు. గురువు ఇరువదేండ్లవాడు, శిష్యురాలు డెబ్బదియేండ్ల అవ్వ అయినపుడు, ఏకవచనముతో పిలుచుటగాని, తప్పు చదివినపుడు నవ్వుటగాని కూడదు. ఒక్క నవ్వునకు ఒక విద్యార్థిని తగ్గును. ఇది నేను కన్నులార చూచినది.

నాలుగవది ముఖ్యమైనది. ఈ వృద్ధులు వట్టి చేతులతో రాలేదు. ఏ కార్తెలో ఏ విత్తు చల్లవలెనో, ఈ చెరువు ఎన్నిసార్లు తెగినదో, పెండ్లి పాటలు, దంపుళ్ల పాటలు, మన యూరి పాత కథలు వారి నోటనే యున్నవి. వారు చెప్పుచుండగా పిల్లలు వ్రాయవలెను. వ్రాసినదానిని పెద్ద అక్షరములలో తిరిగి వారిచేతనే చదివింపవలెను. తన మాటను తానే కాగితముపై చదువుకొనినవానికి చదువు మీద భయము పోవును. అట్లు కూడిన కాగితములను గ్రంథాలయము ఒక సంపుటముగా కుట్టి దాచవచ్చును. అప్పుడు వారు చదువరులే కాదు, గ్రంథకర్తలు కూడ అగుదురు.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. వారమునకు రెండు రాత్రులు వసారా, దీపము, ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలు నలుగురైదుగురు, విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయులు ఒకరిద్దరు చాలుదురు. ఆ ఒకరిద్దరిలో నన్ను ఒకనిగా వ్రాసికొనుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. ఒకసారి దీపమును వదలి వెళ్లితిని. ఈసారి వెళ్లుటకు వేరే ఊరు లేదు.

మొన్న ఆ 72 ఏండ్ల ఆమె నన్ను ఆపి, "ఈ పండగ పుస్తకంలో మా బడి సంగతి రాస్తారంట గదా పంతులుగారూ, ఒకటి నాకూ ఇస్తారా?" అని అడిగెను. ఇత్తుమంటిని. పుస్తకము ఇచ్చుట తేలిక. దానిని ఆమె వచ్చే యేడును చదువగలుగునట్లు చూచుట మన పూచీ. ఆ పూచీని కార్యవర్గమువారు స్వీకరింతురని నమ్మి, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనవలెనని ఆకాంక్షించుచున్నాను.