కంటిలో నారుచాప
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాలిమర్ల మీద పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ సంగతే చెప్పమన్నారు నిర్వాహకులు. మనలో చాలామందిమి అరవై దాటాం. అందుకే కంటికి పనికొచ్చే పాలిమర్ గురించి చెబుతాను.

వయసు మీదపడ్డాక కొందరికి ఎదుటి మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇది శుక్లం కాదు, లెన్సు మారిస్తే పోదు. కంటి వెనక రెటీనాలో నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతినడం. వెలుతురును పట్టే కణాల కింద నల్లని కణాల పొర ఒకటుంటుంది. పై కణాలకు తిండి అందించేదీ, వాటి చెత్త ఎత్తేదీ అదే. అది చస్తే పై కణాలూ చస్తాయి.

కొత్త కణాలు వేయొచ్చు గదా అంటారు. వేయొచ్చు. కానీ సూదితో వదిలిన కణాలు వెదజల్లిన విత్తనాల్లాంటివి. కొన్ని ఒకచోట కుప్పపడతాయి, కొన్ని నిలవవు. పైగా ఈ కణానికి పైవైపు వేరు, కిందివైపు వేరు. మన ఊళ్లలో యంత్రనాట్లకు ట్రేలలో నారును చాపలాగా పెంచి, చాపగానే ఎత్తి తీసుకుపోతారు చూడండి, అదీ ఇక్కడ కావలసింది. ఆ చాపకు అడుగే పాలిమర్ పొర.

ఇలా ఆధారం మీద కణాలు పెంచడం మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి, కాన్పులో మాయతో వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద రోగి సొంత కణాలనే పెంచి, సున్నం, ఆసిడ్ వంటివి పడి దెబ్బతిన్న నల్లగుడ్డు మీద అతికించారు. 200 మంది ఫలితాలను 2011లో ప్రచురించారు. 71 శాతం మందికి నిలిచింది. అయితే అది కంటి ముందుభాగం. రెటీనా దగ్గర చోటు ఇరుకు, పని కష్టం.

అక్కడికి వాడుతున్న పాలిమర్లలో ఒకటి పి.ఎల్.జి.ఎ. ఆపరేషన్లలో వేసే కరిగిపోయే కుట్ల జాతిదే. నీరు తగిలి నెమ్మదిగా లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది, వాటిని ఒళ్లు ఖర్చు చేసుకుంటుంది. పొర మందంగా ఉంటే ఆమ్లం పేరుకుని వాపు తెస్తుంది. మరీ పలుచనైతే చేతికి నిలవదు. నైలాను వల సముద్రంలో తెగిపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పాత నూలు వలైతే చివికిపోతుంది. మాకు కావలసింది నూలు వల గుణమే: పని ఉన్నన్నాళ్లు ఉండి, తర్వాత లేకుండా పోవాలి.

అమెరికా జాతీయ నేత్ర సంస్థలో కపిల్ భార్తి బృందం రోగి రక్తకణాల నుంచే ఆ నల్లని కణాలు తయారుచేసి, ఈ పొర మీద పెంచింది. బియ్యపు గింజంత ఆ అతుకును 2022లో మొదటి రోగి కంట్లో పెట్టారు. అది ప్రమాదం లేదని తేల్చుకోవడానికి చేసిన తొలిదశ పరీక్ష. వైద్యం ఇంకా కాలేదు.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణముంది. ‘స్టెమ్ సెల్స్‌తో చూపు తెప్పిస్తాం’ అనేవాళ్లు తయారయ్యారు. ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ముగ్గురు ఆడవాళ్లు తలా 5,000 డాలర్లు కట్టి, రెండు కళ్లలోనూ ఒకేరోజు సూదులు వేయించుకుని ఉన్న చూపు పోగొట్టుకున్నారు. 2017లో వైద్య పత్రికలో అది వచ్చింది. పరీక్షలో చేర్చుకునేవాళ్లు మీ దగ్గర డబ్బు అడగరు. అడిగితే లేచి వచ్చేయండి. ఎకరా అమ్మి కట్టకండి.

ఈలోగా చేయగలిగింది ఉంది. నెలకోసారి ఒక్కో కన్ను మూసి గళ్ల కాగితం చూడండి. తిన్నని గీత వంకరగా కనబడితే ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. అందులో ఒక రకానికి ఇప్పటికే సూదిమందు ఉంది, ఆలస్యమైతేనే నష్టం. బీడీ, సిగరెట్ మానండి. షుగరున్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా చూపించుకోండి.

మా పొర సిద్ధమయ్యేనాటికి దాన్ని పరచడానికి మీ కంట్లో బతికున్న కణాలు కొన్ని మిగలాలి. వాటిని కాపాడుకోవడం మీ పని. సెలవు.