ఒక దేశం దేవుణ్ణి వదిలేసిందని ఎలా తెలుస్తుంది? ఆమోసు చెప్పిన లెక్క

 

మీ ఫోన్‌లో కూడా వచ్చే ఉంటాయి ఈ రీల్స్. ఎక్కడో భూకంపం వస్తుంది, ఎక్కడో అడవి తగలబడుతుంది, ఎక్కడో యుద్ధం మొదలవుతుంది. వెంటనే వెనకాల ఒక భయంకరమైన మ్యూజిక్, స్క్రీన్ మీద ఒక వాక్యం, కింద క్యాప్షన్: "దేవుణ్ణి విడిచిన దేశానికి ఇదే గతి." లక్షల వ్యూస్. కింద వరుసగా ఆమెన్‌లు.

దేశాల మీద దేవుని తీర్పు గురించి బైబిల్ మాట్లాడుతుందా? మాట్లాడుతుంది, చాలా గట్టిగా. అది మెత్తగా చేసి చెప్పడానికి నేను రాలేదు. కానీ ఆ హెచ్చరికలు ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు అనేది ఒక్క పుస్తకం తీసుకుని చూద్దాం. ఆమోసు. తొమ్మిదే అధ్యాయాలు. బస్సులో కూర్చుని చదివితే మీ స్టాప్ వచ్చేలోపు అయిపోతుంది.

ఆమోసు ఎవరు? తెకోవ అనే ఊరివాడు. బేత్లెహేముకి దక్షిణాన ఉంటుంది. అంటే యూదా దేశస్థుడు. గొర్రెల మంద, మేడిపండ్ల పని, ఇదీ అతని బతుకుతెరువు. ప్రవక్తల కుటుంబం కాదు, ట్రైనింగ్ లేదు. ఇలాంటి మనిషిని దేవుడు సరిహద్దు దాటించి ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యానికి పంపాడు. సుమారు క్రీ.పూ. 760 ప్రాంతం. అక్కడ రాజు రెండో యరొబాము. 41 ఏళ్లు ఏలాడు. పోగొట్టుకున్న సరిహద్దులు తిరిగి సంపాదించాడు, వ్యాపారం బాగుంది, రాజధాని షోమ్రోనులో డబ్బు బాగా ఆడుతోంది. ఆ రోజుల్లో అక్కడి వాళ్లని ఆపి "దేవుడు మీతో ఉన్నాడా" అని అడిగితే, "కనబడట్లేదా?" అని తిరిగి అడిగేవాళ్లు.

ఇప్పుడు ఆమోసు ప్రసంగం ఎలా మొదలుపెట్టాడో చూడండి. మ్యాప్ ఓపెన్ చేసుకుని వినండి, ఇంకా బాగా అర్థమవుతుంది. ముందు ఈశాన్యాన దమస్కు: గిలాదు ప్రజల్ని ఇనుప పనిముట్లతో నూర్చినట్టు నలిపేశారు. తర్వాత నైరుతిలో గాజా: ఊళ్లకి ఊళ్లనే బానిసలుగా అమ్మేశారు. వాయవ్యాన తూరు: అన్నదమ్ముల్లా ఉంటామని చేసుకున్న ఒప్పందం మరిచిపోయి మనుషుల్ని అప్పగించారు. ఆగ్నేయాన ఎదోము: సొంత సోదరుణ్ణి కత్తితో తరిమాడు. అమ్మోనీయులు: సరిహద్దు పెంచుకోవడానికి గర్భిణుల కడుపులు చీల్చారు. మోయాబు: ఎదోము రాజు ఎముకల్ని కాల్చి సున్నం చేశారు.

వింటున్న ఇశ్రాయేలు జనం ఎలా ఉండి ఉంటారు? ఇవన్నీ పక్క దేశాలు, ఎక్కువ మంది శత్రువులు. ఈ రోజైతే లైక్ కొట్టి, షేర్ చేసేవాళ్లు. ఆ తర్వాత యూదా. అది ఆమోసు సొంత దేశమే: దేవుని ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టేశారు. ఇంకా చప్పట్లే. ఇలా చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వేలు ఎక్కడ ఆగిందంటే, సరిగ్గా వింటున్నవాళ్ల మీద. ఇశ్రాయేలు మీద. అందరికంటే పెద్ద చార్జిషీట్ వాళ్లదే.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, పక్క దేశాల మీద పెట్టిన నేరాల్లో "మీరు మా దేవుడికి మొక్కలేదు" అనే మాట లేదు. ధర్మశాస్త్రం వాళ్లకి ఇవ్వలేదు కదా. వాళ్లని అడిగింది క్రూరత్వం గురించి. మోయాబు కేసులో అయితే బాధితుడు ఇశ్రాయేలీయుడు కూడా కాదు, ఎదోము రాజు. అన్యాయం జరిగింది శత్రువుకైనా దేవుడు లెక్క రాసుకున్నాడు.

రెండోది ఇంకా ముఖ్యం. ఇశ్రాయేలు "దేవుణ్ణి విడిచింది" అంటే గుడి ఖాళీ అయిందనా? కాదు ఫ్రెండ్స్. బేతేలు కిటకిటలాడుతోంది. బలులు వస్తున్నాయి, దశమభాగాలు వస్తున్నాయి, పాటలు మోగుతున్నాయి. మరి సమస్య ఏంటి? రెండో అధ్యాయం చూడండి. ఒక జత చెప్పుల ధరకి పేదవాణ్ణి అమ్మేస్తున్నారు. అప్పుకి తాకట్టు పెట్టించుకున్న దుప్పటి పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చేయాలని మోషే ధర్మశాస్త్రం. పేదవాడికి రాత్రి కప్పుకోవడానికి ఇంకోటి ఉండదు కాబట్టి. వీళ్లు అదే బట్ట బలిపీఠం పక్కన పరుచుకుని పడుకుంటున్నారు. ఎనిమిదో అధ్యాయంలో వ్యాపారులు పండుగ ఎప్పుడు అయిపోతుందా అని ఎదురు చూస్తున్నారు. కొలత తగ్గించాలి, రేటు పెంచాలి, దొంగ తూకం వేయాలి, చెత్త గోధుమలు అమ్ముకోవాలి.

షోమ్రోను తవ్వకాల్లో 1910లో రాతలున్న కుండపెంకులు దొరికాయి. నూనె, ద్రాక్షారసం ఏ ఊరి నుంచి వచ్చాయో రాసుకున్న పద్దులు అవి. 1930లలో దంతపు పనితనం ఉన్న ముక్కలు వందల కొద్దీ బయటపడ్డాయి. ఆమోసు తిట్టింది కూడా దంతపు మంచాల మీద పడుకుని, పాత్రలతో ద్రాక్షారసం తాగుతూ, తమ జనం నాశనమైపోతుంటే చీమకుట్టినట్టు కూడా లేనివాళ్లనే.

అందుకే దేవుడు మీ పండుగలు నాకు వద్దు, మీ పాటలు ఆపండి, న్యాయం నీళ్లలా పారనివ్వండి అనే అర్థం వచ్చే మాటలు అన్నాడు. దేవుణ్ణి వదిలేయడం అంటే ఆమోసు లెక్కలో ఇదీ. పెదాల మీద ఆయన పేరు ఉంటుంది, తూకంలో ఆయన ఉండడు.

దీనికి దేశం ఎలా స్పందించింది? బేతేలు యాజకుడు అమజ్యా రాజుకి కబురు పంపాడు, ఇతను కుట్ర చేస్తున్నాడని. ఆమోసుతో, మీ దేశం వెళ్లి అక్కడ ప్రవచించి పొట్ట పోసుకో, ఇది రాజుగారి గుడి అని అన్నాడు. గమనించారా? "దేవుని గుడి" అనలేదు. అసలు విషయం అతని నోటితోనే వచ్చేసింది.

తర్వాత సుమారు 40 ఏళ్లకి, క్రీ.పూ. 722 ప్రాంతంలో, షోమ్రోను అష్షూరు చేతిలో పడిపోయింది. 27 వేల మందికి పైగా చెరపట్టానని సర్గోను రాజు తన శాసనంలో రాయించుకున్నాడు. ఉత్తర రాజ్యం మళ్లీ లేవలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగింది కదా. సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, ఇంట్లో ఒక్క వస్తువు మిగల్లేదు. మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, మీ ఊరి పాపానికి దేవుడు ఇచ్చిన శిక్ష ఇది అన్నాడు. నిజమేనా?"

చెల్లీ, లూకా 13వ అధ్యాయం తియ్యి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులని అనుకుంటున్నారా అని యేసు ప్రభువే అడిగి, కాదు అని ఆయనే జవాబు చెప్పాడు. వెంటనే వింటున్నవాళ్ల వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. అన్యాయం చేసే దేశానికి తీర్పు ఉందని బైబిల్ చెప్తుంది. కానీ కష్టం వచ్చిన ప్రతి ఊరూ తీర్పు కింద ఉందని చెప్పదు. ఈ రెండూ ఒకటి కావు. ఆమోసుకి దేవుడు స్వయంగా చూపించాడు. మీ బంధువుకి, నాకు, ఆ రీల్ చేసినవాడికి అలాంటి దర్శనం రాలేదు. నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి మనం తీసుకెళ్లాల్సింది అన్నం, తాగే నీళ్లు, పొడి దుప్పటి.

ఇంకో మాట. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ డిస్క్ నిండుతుంటే ముందే అలర్ట్ వచ్చేది. దాని పని సర్వర్‌ని కాపాడటం. పడిపోయాక చూసి "చెప్పానా" అనడానికి కాదు దాన్ని పెట్టింది. ప్రవక్తల హెచ్చరికలు కూడా అంతే. యిర్మీయా 18లో కుమ్మరి ఇంట్లో దేవుడు సూటిగా చెప్పాడు, తీర్పు ప్రకటించిన జనం మారితే నేనూ ఆ కీడు ఆపేస్తానని. నీనెవెకి యోనా 40 రోజుల గడువు చెప్పాడు. రాజు నుంచి మామూలు మనిషి వరకు మారారు, పట్టణం మిగిలింది. యోనాకి కోపం వచ్చింది. ఆ రీల్స్‌లో నాకు కనిపించేది ఆ యోనా ముఖమే. తర్వాతి తరాలు మళ్లీ రక్తపాతంలోకి వెళ్లాయి, క్రీ.పూ. 612లో నీనెవె కూలింది.

కానీ ఆమోసు యోనాలా లేడు. ఏడో అధ్యాయంలో మిడతలు, అగ్ని దర్శనంలో చూడగానే, ప్రభువా ఆపు, ఈ జనం చిన్నది, తట్టుకోలేదు అని బతిమాలాడు. రెండుసార్లు దేవుడు ఆపాడు. మూడో దర్శనంలో మట్టపు గుండు వచ్చింది. మన మేస్త్రీలు గోడ నిలువుగా ఉందో లేదో చూడటానికి తాడుకి కట్టి వేలాడదీస్తారే, అదే. గోడ ఎంత అందంగా ఉన్నా వంకర ఉంటే గుండు చెప్పేస్తుంది.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేద్దాం. ఆమోసు మొత్తం ఒకసారి చదవండి. పక్క దేశం గురించి, పక్క మతం గురించి తీర్పు రీల్ వస్తే షేర్ కొట్టకుండా ఆ జనం కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. మూడోది కొంచెం కష్టం: మీరు ఎవరికైనా డబ్బు ఇవ్వాలా? పని చేయించుకుని కూలి బాకీ పెట్టారా? ఆదివారం లోపు ఇచ్చేయండి. దేశం దేవుని వైపు తిరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రభువా, మా దేశంలో న్యాయం నిలబెట్టు, ముందు మా ఇళ్లలో నిలబెట్టు. ఆమెన్. వచ్చే ఎపిసోడ్‌లో హోషేయ.