నేల పెట్టిన పరీక్ష

పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు అభినందనలు.

నదులున్న చోటే నాగరికతలు పుట్టాయని బళ్లో చదువుకున్నాం. నైలు, సింధు నదుల విషయంలో అది నిజమే. మరి ఓరుగల్లు సంగతేమిటి? ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ. రెండూ పల్లంలో పారుతాయి. నడుమనున్న ఈ ఎత్తు నేలకు ఆ నీళ్లు వాటంతటవి ఎక్కవు. అడుగున గ్రానైటు, వాన చాలావరకు నాలుగు నెలల్లోనే కురిసి వెళ్లిపోతుంది. అలాంటి చోట కాకతీయులు రాజ్యం నిలబెట్టారు.

నేల ఎగుడుదిగుళ్లనే వాళ్లు వాడుకున్నారు. రెండు గుట్టల నడుమ కట్ట పోస్తే చెరువైంది. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాయి. అదే గొలుసుకట్టు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల కింద నేటికీ పొలాలు పండుతున్నాయి. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడి చూడడానికి వెళ్లినప్పుడు చెరువు కట్ట కూడా ఎక్కండి. ఆ శిల్పాలు చెక్కినవారికి అన్నం పెట్టిన సేద్యం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇదంతా రాజు ఒక్కడి పని కాదు. సేనానులు, సంపన్నులు చెరువులు తవ్వించారు. తవ్వించి, బాగోగులు చూసేవారికి దశబంధ మాన్యం దక్కేది. తూము తీసి మడిమడికీ నీళ్లు పారించే బాధ్యత ఊళ్లో నీరటికాడిది. కట్టతో పాటు ఈ కట్టుబాటు కూడా ఉంది కాబట్టే చెరువు తరాలపాటు నిలిచింది.

ఇక నేలే సంపద ఇచ్చిన చోటు, కృష్ణ ఒడ్డున కొల్లూరును చూడండి. అక్కడి వజ్రాలు గోల్కొండ పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. ఆ గనుల్లో దాదాపు 60,000 మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. వజ్రాలు తరిగాయి, జనం చెదిరారు. ఆ చోటు నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. నదీ అంతే: గోదావరి డెల్టాకు నది ఉండి కూడా కరువులు తప్పలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఆ నీళ్లు కాలువల వెంట పొలాలకు నికరంగా చేరాయి.

కాబట్టి భూగోళం మనకు ప్రశ్నపత్రం ఇస్తుంది, జవాబు రాయవలసింది మనుషులు. ఒకసారి రాసి ఊరుకుంటే సరిపోదు. పూడిక తీయని చెరువు ఏటేటా చిన్నబోతుంది. అందుకే 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పాత చెరువులను మళ్లీ బాగుచేయవలసి వచ్చింది.

మీలో కొందరు ఇంజినీర్లవుతారు, కొందరు తహసీల్దార్లు, ఇంకొందరు వకీళ్లు. ఏదో ఒకరోజు చెరువు శిఖం భూమిలో వెంచర్ వేసే ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. సంతకం పెట్టే ముందు ఒక్కటే అడగండి: వాన పడితే ఈ నీళ్లు ఎటు పోతాయి? జవాబు లేని ఫైలును తిప్పి పంపండి. అందుకు కావలసిన చదువు మీకు ఈ విశ్వవిద్యాలయం ఇచ్చింది. ధైర్యం మాత్రం మీరే కూడగట్టుకోవాలి.