మన గడీలు - వాని సంరక్షణము



నీలగిరులయందలి తేయాకు తోటల దొరల బంగళాలను గూర్చి మీరు చదివియుందురు. మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఆ బంగళాలకు మారుగా గడీలు గలవు. అచ్చట దొర ఆంగ్లేయుడు, ఇచ్చట మనవాడే. పిలుపు మాత్రము ఒక్కటే!

గడీ యనగా నిజాము ఏలుబడిలో దేశముఖులు, జాగీర్దారులు కట్టించుకొనిన కోటవంటి లోగిలి. ఎత్తైన ప్రహరీ, బురుజులు, పెద్ద దర్వాజా, లోపల కచేరీ, ధాన్యపు కొట్లు, టేకు దూలములు. గోడల సున్నమును గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపెడివారు. ఆ పనితనము మెచ్చదగినదే. కాని గానుగ త్రిప్పినవానికి కూలి ముట్టినదా? చాకలి నీరు మోసెను, కుమ్మరి కుండలిచ్చెను, మాదిగ చెప్పులు కుట్టెను, అంతయు వెట్టి. 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ పిమ్మట ఈ వెట్టిపై గట్టిగా పోరాడెను.

పహాణీలో సర్వే నంబరునకు గడి కలదు, పంటకు గడి కలదు. వెట్టికి గడి లేదు. కావున ఆ లెక్క మిగిలియున్నది ఈ గోడలయందే.

1949లో జాగీర్లు రద్దయ్యెను. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర పిమ్మట పెక్కురు దొరలు పట్టణములకు తరలిరి. పాడుపడిన గడీల దూలములను కొందరు విప్పి అమ్ముకొనిరి. కప్పు పోయిన గోడలోనికి వాననీరు దిగును. మరికొందరు మంచి తలంపుతోనే సిమెంటు పూయింతురు. సున్నపు గోడ తడిని పీల్చి తిరిగి ఆర్చుకొనును. సిమెంటు ఆ తడిని లోపలనే బంధించును, కొన్నేండ్లకు పెచ్చులూడును. పొరుగున కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట సంస్థానపు కోట. దాని మరమ్మతు చూచి నేర్వదగినది. 2022లో దానికి యునెస్కోవారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది.

“మా తాతల చెమట అది, కూలనిండు” అనువారు గలరు. వారి కోపము న్యాయమైనదే. కాని గోడ కూలిన, ఆ చెమట గుర్తును కూలును. దొరల చిత్తరువులు మాత్రము తగిలించి వసతిగృహము చేయుటయు నాకు సమ్మతము కాదు. వెట్టి చేసిన ఇండ్ల వృద్ధులు ఇంకను కొందరున్నారు. ఎవరు ఏ వాకిట ప్రవేశించిరో, ఎచ్చట చెప్పులు విడిచిరో, ఏ పండుగకు ఏమి మోసికొని పోయిరో వారినడిగి, వారి మాటలలోనే వ్రాసి, గ్రంథాలయమున భద్రపరుపవలెను. కప్పు నిలిచియున్న గడీల కొలతలు, పటములు వానలు పడకమున్నే తీసికొందము. యువకులలో అక్షరము చక్కగా వ్రాయువారు నలుగురు ముందుకు వచ్చిన చాలును.