దెయ్యానికి పొరుగు భాష
(దిల్లీ, నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్ శాఖల్లో పనిచేసే తెలుగు ఉద్యోగుల కుటుంబాల కలయికలో, సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



కౌంటరు దగ్గర మనం రోజుకు పదిసార్లు అనే మాట ఒకటుంది. "జిరాక్సు సరేనండీ, ఒరిజినల్ చూపించండి." చూస్తాం, సరిపోల్చుకుంటాం, ముద్ర కొట్టి సంతకం పెడతాం. సినిమాల విషయంలో ఆ పని నాకెవరూ అప్పగించలేదు. అయినా ఒక దెయ్యం కథ విషయంలో మాత్రం చాలా ఏళ్లుగా అదే చేస్తున్నాను. ఆ కథ మీకందరికీ తెలుసు. "చంద్రముఖి" అంటే ఇక్కడున్న పెద్దవాళ్లకు జ్యోతిక కళ్లు గుర్తొస్తాయి. దిల్లీలో పెరిగిన పిల్లలకు అదే కథ "భూల్ భులయ్యా". ఏది అసలు, ఏది నకలు అని మా ఇంట్లో తండ్రీ కూతుళ్ల మధ్య పెద్ద వాదన జరిగింది. ఇద్దరూ ఓడిపోయారు. అసలుది 1993 డిసెంబరులో వచ్చిన మలయాళ చిత్రం "మణిచిత్రత్తాళ్". ఫాజిల్ దర్శకుడు, మధు ముట్టం రచయిత. కాసేపట్లో మీరు చూడబోయేది అదే.

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 2004లో కన్నడంలో పి. వాసు "ఆప్తమిత్ర"గా తీశారు. 2005లో ఆయనే తమిళంలో రజనీకాంత్‌తో "చంద్రముఖి" తీశారు. మనం చూసింది దాని తెలుగు డబ్బింగు. 2007లో ప్రియదర్శన్ హిందీలో "భూల్ భులయ్యా" తీశారు. జైపూర్ దాటాక వచ్చే చోమూ కోటలో చాలా భాగం తీశారు. సెలవుల్లో అటు వెళ్లినవాళ్లు బయటినుంచైనా చూసే ఉంటారు. ఇంకో విశేషం. మణిచిత్రత్తాళ్ తీస్తున్నప్పుడు ఫాజిల్‌కి సాయంగా రెండో యూనిట్ నడిపిన దర్శకుల్లో ప్రియదర్శన్ ఒకరు. కాబట్టి హిందీవాళ్ల దగ్గరున్న నకలు, ఒరిజినల్ రాస్తున్నప్పుడు పక్కనే నిలబడి చూసిన మనిషి చేత్తో రాసింది.

ఇక అసలు సంగతి. ఈ కథలో భయం ఎక్కడుంది? పాత మేడలోనా, తాళం వేసిన గదిలోనా? అవి ఏ దెయ్యం సినిమాలోనైనా ఉంటాయి. దీంట్లో భయం అంతా ఒక మంచం దగ్గరుంది.

గంగ బజారుకు బయలుదేరుతుంది. భర్త వద్దంటాడు. మామూలు ఇంటి గొడవే. ఎందుకు వద్దు అని ఆమె అడుగుతుంది, ఆయన మళ్లీ వద్దంటాడు. అప్పుడు ఆమె గొంతు మారుతుంది, కళ్లు మారతాయి, చివరికి భాషే మారిపోతుంది. అప్పటిదాకా మలయాళం మాట్లాడిన ఇల్లాలు తమిళంలో గద్దిస్తుంది. పెద్ద మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. చాలామంది మంచం ఎత్తడమే గుర్తుపెట్టుకుంటారు. నన్ను భయపెట్టింది అది కాదు. పక్కన కాపురం చేస్తున్న మనిషి, నీకు తెలియని భాషలో నిన్ను ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసి మాట్లాడటం. ఆ సినిమాలో గంగకు గొంతిచ్చినవారు ఒకరు, నాగవల్లికి ఇచ్చినవారు మరొకరు. ముఖం శోభనదే. ఆ పాత్రకే ఆమెకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది.

మలయాళ కథలో నాగవల్లి తంజావూరు నాట్యకత్తె. అందుకే ఆమెది తమిళం. కన్నడానికి వచ్చేసరికి ఆ దెయ్యం ఏ భాష మాట్లాడిందో తెలుసా? తెలుగు. ఆ పాత్ర వేసింది మన సౌందర్య. ఆ సినిమా విడుదల కాకముందే, 2004 ఏప్రిల్ 17న, కరీంనగర్‌కు బయలుదేరిన చిన్న విమానం బెంగళూరులో కూలి ఆవిడ వెళ్లిపోయారు. తెలుగు ఇళ్లల్లో ఆడపడుచులా చూసుకున్న మనిషి ఆఖరున ఒక కన్నడ సినిమాలో తెలుగు మాట్లాడుతూ కనిపించడం నాకిప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది. తమిళ చంద్రముఖిలోనూ ఆ నాట్యకత్తె ఆంధ్రదేశం నుంచి వచ్చిందే. "రా రా" పాట తమిళ సినిమాలో తెలుగులోనే వినిపిస్తుంది. అంటే చెన్నై హాళ్లలో జనం ఏ భాష విని దడుచుకున్నారో అది మన ఇంటి భాష! మరి తెలుగు డబ్బింగులో ఏం చేయాలి? అక్కడ దెయ్యం తెలుగు మాట్లాడితే ఎవరు భయపడతారు? అందుకే తెలుగు చంద్రముఖిలో ఆవిడ పాట తమిళానికి మారింది. డబ్బింగు సినిమాలంటే మనకు కొంచెం చిన్నచూపు గానీ, ఈ పనిచేసినవాళ్లు కథ కీలకం ఎక్కడుందో పట్టుకున్నారు. హిందీలో ప్రియదర్శన్ మంజులికను బెంగాలీ చేశారు. ప్రతి ఇంటికీ ఒక పొరుగు భాష ఉంటుంది. అర్థమయ్యీ అర్థంకానట్టుండే భాష. అదే దెయ్యానికిచ్చారు.

పోలిక కోసం మన కథ ఒకటి చెబుతాను. 2018లో అనుష్కతో వచ్చిన "భాగమతి"ని అదే దర్శకుడు జి. అశోక్ 2020లో భూమి పెడ్నేకర్‌తో హిందీలో "దుర్గామతి"గా తీశారు. అదే కథ, అదే పాడుబడ్డ బంగళా, చాలాచోట్ల అవే సీన్లు. జిరాక్సు చాలా స్పష్టంగా వచ్చింది, ఒక్క అక్షరం చెరగలేదు. అయినా నాకెందుకో వేడి తగల్లేదు. హిందీ ప్రాంతపు ఇంట్లో ఆ కథ ఎందుకు భయపెట్టాలి అన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదనిపించింది. ఇది నా అభిప్రాయం మాత్రమే. మా ఆయనకు ఆ సినిమా నచ్చింది. ఆ మాట కూడా రికార్డులో ఉండాలి.

చంద్రముఖి గురించి కొంచెం కటువుగా మాట్లాడతాను, రజనీ అభిమానులు క్షమించాలి. మలయాళంలో డాక్టరు సన్నీ, అంటే మోహన్‌లాల్, బొమ్మ దాదాపు సగం గడిచాక గానీ రారు. అంతదాకా ఆ ఇల్లు తనకు తానే భయపడుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు శ్రీదేవి అనే అమ్మాయిని అనుమానిస్తారు. ఆమెకు కుజదోషం, కాపురం నిలవలేదు. ఇంట్లో ఏ కీడు జరిగినా ముందు వేలు ఎవరివైపు తిరుగుతుందో రచయితకు బాగా తెలుసు. తమిళంలో హీరో మొదట్లోనే ఫైటుతో, పాటతో దిగుతాడు. ఆయన ఉన్నాడు కదా, ఇంక మనకేం భయం? పైగా ఆ గదికి కాపలాగా పేద్ద పాము ఒకటి. కన్నడంలోనూ ఉంది. ఆ పాము కథలో చేసే పనేమిటో ఇన్నేళ్లు చూసినా నాకు అర్థం కాలేదు. అయినా ఆ సినిమా చెన్నై శాంతి థియేటర్లో రెండేళ్లకు పైగా ఆడింది. నా లెక్కలు ప్రేక్షకుల లెక్కలతో టాలీ కాకపోతే నేనేం చేయను!

ఇన్ని భాషల్లో ఈ కథ వెంట ఎందుకు పడ్డానంటే, కారణం సినిమా కాదు. కొన్నేళ్ల క్రితం గాజియాబాద్‌లో మేముండే అపార్టుమెంటులో ఒక తెలుగు కుటుంబం దిగింది. ఆయనకు బదిలీ, ఆవిడ ఉన్న ఊరు వదిలి రావడం అదే మొదటిసారి. ఆవిడ అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఆయన పొద్దున ఎనిమిదికి వెళితే రాత్రి తొమ్మిదికి వచ్చేవారు. మార్చి నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అంతకు కొద్ది నెలల ముందే ఆవిడ తల్లి పోయారు. కొన్నాళ్లకు రాత్రిళ్లు ఆవిడ బాల్కనీలో నిలబడి మాట్లాడుతోందని పక్క ఫ్లాటువాళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరికీ అర్థంకాని భాష, గొంతు కూడా మారిపోతోంది అన్నారు. "ఊపరీ హవా" అన్నారు. మనం గాలి సోకింది అంటామే, అది. పైఅంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, నిజంగా మంచి మనసుతోనే, మెహందీపూర్ బాలాజీకి తీసుకెళ్లమని, తనే తోడొస్తానని చెప్పింది.

ఒక రాత్రి నన్ను పిలిచారు, మీ భాషలా ఉంది వినండి అని. విన్నాను. తెలుగే. గోదావరి జిల్లా తెలుగు. "అమ్మా, పప్పు పొయ్యి మీదుంది, నువ్వు కూచో, నే చూస్తాలే" అంటోంది. అంతే. వాళ్లను నెలరోజులుగా వణికిస్తున్న మాటలు అవి. ఆ వరండాలో నిలబడ్డప్పుడు నాకు చంద్రముఖి గుర్తొచ్చింది. సినిమా చూసి మనం భయపడతాం. ఆ రోజు మాత్రం తెరమీద ఉన్నది మన భాషే, చూసేవాళ్లు పొరుగువాళ్లు.

మర్నాడు ఆ భార్యాభర్తలతో నేనూ డాక్టరు దగ్గరకు వెళ్లాను, దుబాసీగా. హిందీలో అడిగితే ఆవిడ "ఠీక్ హై, ఠీక్ హై" అనేది. నేను తెలుగులో అడిగితే ముప్పావుగంట మాట్లాడింది. మందులు రాశారు, కొన్ని నెలలు క్రమం తప్పకుండా వెళ్లారు. ఇప్పుడు బాగున్నారు. సొంత భాషలో కష్టం చెప్పుకునే వీలు లేనివాళ్ల కోసం ఇప్పుడు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల ఫోన్లలోనూ వేసి పెట్టండి. ఇక్కడ దిల్షాద్ గార్డెన్‌లో ఇహ్బాస్ ఉంది, ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇది చూశాకే మణిచిత్రత్తాళ్‌లో నాకు ముందు కనపడని సంగతి కనపడింది. గంగను చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పల్లెలో వదిలి తల్లిదండ్రులు కలకత్తాలో ఉన్నారు. తర్వాత ఒక్కసారిగా వచ్చి తీసుకెళ్తామన్నారు. ఆ పిల్ల మనసు మొదటిసారి చెదిరింది అక్కడ. నాగవల్లి చాలా తర్వాత వచ్చింది. బదిలీల మీద బతికే మన ఇళ్లల్లో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు ఎంతమందో మీకే తెలుసు.

వైద్యం జరిగే తీరు కూడా చూడండి. తాంత్రికుడు బ్రహ్మదత్తన్‌గా తిలకన్ వేశారు. ఆయన డాక్టరుకు పోటీ కాదు, స్నేహితుడు. పూజ ఆయన జరిపిస్తాడు, పథకం డాక్టరుది. పొగ కమ్మిన క్షణంలో పీట తిరగబడుతుంది, భర్త స్థానంలో బొమ్మ వస్తుంది, నాగవల్లి ఆ బొమ్మను నరికి తన పగ తీర్చుకుంటుంది. మన లాకరు లాంటిది. ఒక తాళం చెవి మన దగ్గర, ఒకటి కస్టమరు దగ్గర, రెండూ పడితేనే తలుపు తెరుచుకునేది. నిజం ఆస్పత్రిలో వైద్యం ఇలా ఒక్క రాత్రిలో అయిపోదు, అది వేరే సంగతి. కానీ నమ్మకం ఉన్న ఇంట్లోవాళ్లను వెక్కిరించకుండా డాక్టరు దగ్గరకు ఎలా నడిపించాలో ఆ సినిమాకు తెలుసు. మెహందీపూర్ వెళ్దామన్న పెద్దావిడతో నేనూ గొడవ పెట్టుకోలేదు. దర్శనానికి వెళ్దాం, ముందు మందు వేసుకోనివ్వండి అన్నాను. ఆవిడే రోజూ మాత్ర వేసుకుందా లేదా అని అడిగేది.

తర్వాత వచ్చిన కొనసాగింపుల మీద నా ఫిర్యాదు ఇదొక్కటే. 2022 నాటి "భూల్ భులయ్యా 2"లో నిజంగానే దెయ్యం వచ్చేసింది. నవ్వించారు, హాళ్లు నిండాయి, మా అమ్మాయి రెండుసార్లు చూసింది. కానీ మొదటి కథలో తలుపు తీస్తే లోపల ఉన్నది జబ్బుపడిన మనిషి. ఇక్కడ తలుపు తీస్తే దెయ్యమే ఉంది. అలాంటప్పుడు బాల్కనీలో నిలబడ్డ ఆవిడ గురించి పక్క ఫ్లాటువాళ్లు అనుకున్నదే రైటయినట్టు కదా?

ఇంక ఎక్కువ ఆపను, ప్రొజెక్టరు దగ్గర పిల్లలు చేతులూపుతున్నారు. ఒక్క సంగతి. సినిమా మలయాళంలో ఉంది, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వస్తాయి. మలయాళం రాని మనకు మంచం సీన్లో భాష మారిన సంగతి తెలియకుండా పోవచ్చు, కింద రెండూ ఇంగ్లీషే కదా. అందుకని ఆ అయిదు నిమిషాలు చదవడం ఆపి వినండి. చెన్నైలో పనిచేసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, తమిళం మొదలవగానే పక్కవాళ్ల చెయ్యి మెల్లగా నొక్కండి.